అడుగూ ఆలోచనా: పెద్ద వయసు నడకలో ధ్యాస పాత్ర

ఇంట్లో పెద్దవారు పడిపోయినప్పుడు తడి నేలనో, అరిగిన చెప్పునో, మోకాళ్ల నొప్పినో, చూపు తగ్గడాన్నో కారణంగా చెప్పుకోవడం సహజం, వాటిలో ప్రతి ఒక్కటీ నిజమయ్యే అవకాశమూ ఉంది. అయితే పడిన ఆ క్షణంలో వారి మనసు ఏ పనిలో ఉంది, ఎవరి పిలుపుకు జవాబు చెబుతున్నారు, లోలోపల ఏ లెక్క వేసుకుంటున్నారు అన్న ప్రశ్న చాలా ఇళ్లలో ఎవరికీ తట్టదు. పెద్ద వయసులో నడక మెదడులోని ధ్యాసను గణనీయంగా వాడుకునే పని అని, ఆ ధ్యాసను మరో పని లాక్కున్నప్పుడు అడుగు తడబడుతుందని, ఆ తడబాటును ముందే కనిపెట్టి కొంతవరకు సరిదిద్దుకోవచ్చని గత మూడు దశాబ్దాల పరిశోధన చూపించింది. కాలువ గట్లు, లంకలు, పంటు రేవులు, కొబ్బరి తోటల మధ్య దారులు ఉన్న కోనసీమలో ఈ విషయం ప్రతి కుటుంబానికీ దగ్గరిదే గనుక, ఇక్కడి ఇళ్లనూ దారులనూ దృష్టిలో ఉంచుకుని దీనిని పరిశీలించవలసి ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 65 ఏళ్లు దాటినవారిలో ఏటా 28 నుంచి 35 శాతం మంది కనీసం ఒకసారి పడిపోతున్నారు. పడిపోవడం వల్ల ప్రపంచమంతటా ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది మరణిస్తున్నారు; అనుకోని గాయాల వల్ల సంభవించే మరణాలలో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే, అందులో 80 శాతానికి పైగా అల్పాదాయ, మధ్యాదాయ దేశాలలోనే జరుగుతున్నాయి. 2021 నాటి జనాభా అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 60 ఏళ్లు దాటినవారు 12.4 శాతం, ఇది జాతీయ సగటు కంటే ఎక్కువ. తుంటి ఎముక విరిగిన పెద్దవారిలో చాలామంది మునుపటిలా నడవలేకపోతున్నారు. ఎముక విరగకుండా బయటపడినవారిని కూడా మళ్లీ పడతామేమోనన్న భయం ఇంటికి కట్టిపడేస్తుంది, ఇంట్లోనే ఉండిపోతే కాళ్ల కండరాలు సన్నబడతాయి, కండరాలు సన్నబడితే పడే అవకాశం ఇంకా పెరుగుతుంది. పిల్లలు గల్ఫ్ దేశాలకో, హైదరాబాదుకో, అమెరికాకో వెళ్లిపోగా ఒకరో ఇద్దరో పెద్దవారు మాత్రమే మిగిలిన ఇళ్లు అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో ఊరూరా కనిపిస్తాయి. అలాంటి ఇంట్లో పెరట్లో పడినవారి దగ్గరికి మనిషి చేరేసరికే గంటలు గడిచిపోవచ్చు.

నడకకు ధ్యాస ఎందుకు కావాలి

నడక పసితనం నుంచీ అలవాటైన పని గనుక అది దానంతట అదే సాగిపోతుందని అందరూ అనుకుంటారు. యౌవనంలో ఆ భావన చాలావరకు సరైనదే: వెన్నుపాములోని నాడీ వలయాలు, తల వెనుక భాగంలోని చిన్న మెదడు, మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియా అనే కణ సముదాయాలు కలిసి అడుగుల లయను నడిపిస్తాయి, పై మెదడు పెద్దగా జోక్యం చేసుకోవలసిన అవసరం రాదు. వయసు పెరిగేకొద్దీ ఈ ఏర్పాటుకు అందే సమాచారం పలచబడుతుంది. పాదాల అడుగున స్పర్శ మందగిస్తుంది, మధుమేహం చాలాకాలంగా ఉన్నవారిలో అది మరీ తగ్గిపోయి కింద ఉన్నది మట్టో గచ్చో కాలికి తెలియని స్థితి వస్తుంది. లోపలి చెవిలోని సమతౌల్య అవయవం చురుకుదనం కోల్పోతుంది. కంట్లో శుక్లం పెరిగి మెట్టు అంచుకూ నేలకూ మధ్య తేడా చెరిగిపోతుంది. ఈ లోటును పూడ్చడానికి మెదడు తన వద్ద ఉన్న మరో వనరును ఖర్చుచేయడం మొదలుపెడుతుంది. ఆ వనరే ధ్యాస.

నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అనే భాగం ఈ అదనపు భారాన్ని మోస్తుంది. పనులను వరసలో పెట్టుకోవడం, ఒక పని నుంచి మరో పనికి మారడం, అక్కర్లేని తలపును పక్కకు నెట్టడం, అనుకోని అడ్డంకికి తగినట్టు నిర్ణయం మార్చుకోవడం వంటి శక్తులన్నీ దానిమీద ఆధారపడతాయి; వాటన్నిటినీ కలిపి మెదడు శాస్త్రంలో నిర్వహణ సామర్థ్యం అంటారు. చిక్కు ఇక్కడే ఉంది. సంభాషణకు, లెక్కకు, జ్ఞాపకానికి, ఆందోళనకు కూడా ఇదే భాగం పనిచేయాలి. మనిషి ధ్యాసకు ఒక పరిమితి ఉందని, రెండు పనులు కలిసి ఆ పరిమితిని దాటితే రెండింటిలో ఒకటైనా దెబ్బతింటుందని డేనియల్ కానెమన్ 1973లో ప్రతిపాదించాడు. ఒకే ద్వారంగుండా రెండు పనులు ఒకేసారి వెళ్లలేక ఒకటి ఆగవలసి వస్తుందన్నది ఇతర శాస్త్రవేత్తల వివరణ. సిద్ధాంతం ఏదైనా, నడుస్తూ ఆలోచనతో కూడిన మరో పని చేయడాన్ని జోడుపని నడక అని పిలుచుకుంటే, పెద్ద వయసులో ఆ జోడుపనికి చెల్లించే మూల్యం ఎక్కువ అన్న విషయంలో భేదాభిప్రాయం లేదు. తిరుపతి వేంకట కవుల కాలం నుంచీ గోదావరి తీరంలో ఆదరణ పొందిన అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులకు ఏకకాలంలో సమాధానం చెప్పే అవధాని కూడా ఆ పనంతా వేదికపై స్థిరంగా కూర్చుని చేస్తాడు. డెబ్బై ఏళ్ల మనిషిని గట్టు మీద నడిపిస్తూ ఇంటివారు నాలుగు ప్రశ్నలు వేయడం అంతకంటే కఠినమైన పరీక్ష.

ఆ మూల్యం నాలుగు రూపాలలో కనిపిస్తుంది. నడక వేగం తగ్గుతుంది, అడుగు పొట్టిదవుతుంది, రెండు పాదాలూ ఒకేసారి నేలకు ఆని ఉండే సమయం పెరుగుతుంది. నాలుగవది కంటికి అంత తేలికగా అందనిది, కానీ అన్నిటికంటే ముఖ్యమైనది: ఒక అడుగుకూ తర్వాతి అడుగుకూ మధ్య పట్టే సమయం నిలకడగా ఉండక హెచ్చుతగ్గులకు లోనవుతుంది. నెమ్మదిగా నడవడం చాలాసార్లు జాగ్రత్తకు గుర్తు, దానిని తప్పుపట్టనక్కరలేదు. లయ చెదరడం మాత్రం అదుపు తప్పుతోందనడానికి గుర్తు. జెఫ్రీ హౌస్‌డార్ఫ్, ఆయన సహచరులు 2001లో ప్రచురించిన అధ్యయనంలో ఈ హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉన్న వృద్ధులే ఆ తర్వాతి ఏడాదిలో ఎక్కువగా పడిపోయారని తేలింది.

మాటకు ఆగే నడక

ఈ రంగంలో అందరూ గుర్తుచేసుకునే పరిశీలన స్వీడన్‌లోని ఉమియో నగరానికి చెందినది. లిల్లెమోర్ లుండిన్-ఓల్సన్, ఆమె సహచరులు వృద్ధుల వసతి గృహాలలో ఉంటున్న 58 మందితో పాటు నడుస్తూ మామూలుగా మాట కలిపారు. వారిలో 12 మంది జవాబు చెప్పడానికి నడక ఆపేశారు. తర్వాతి 6 నెలలలో ఆ 12 మందిలో 10 మంది కనీసం ఒకసారి పడిపోయారు. 1997లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఈ చిన్న నివేదికకు యంత్రం అవసరం లేదు, ప్రయోగశాల అవసరం లేదు. పక్కన నడుస్తూ గమనించే మనిషి ఒకరు ఉంటే చాలు. అయితే అందులోనే ఒక హెచ్చరిక కూడా ఉంది: పడిపోయినవారిలో సగానికి పైగా మాట్లాడేటప్పుడు ఆగనివారే. అంటే ఆగడం కనిపిస్తే అప్రమత్తం కావాలి గాని, ఆగడం లేదు కదా అని నిశ్చింతగా ఉండకూడదు.

ఆగడాన్ని చూసి కుటుంబసభ్యులు చేసే పొరపాటు ఒకటుంది. "నడుస్తూ చెప్పండి, ఆలస్యమవుతోంది" అని తొందరపెట్టడం అన్నిటికంటే ప్రమాదకరమైన పని. ఆగిన పెద్దమనిషి తన మెదడు మోయగలిగినంత భారాన్ని మాత్రమే ఎత్తుకుని, ముందు నిలకడ, తర్వాత మాట అని వరస ఏర్పరచుకున్నాడు. ఆరోగ్యవంతులు సహజంగా పాటించే ఈ క్రమాన్ని పరిశోధకులు నిలకడకు తొలి ప్రాధాన్యం అంటారు. పార్కిన్సన్ వ్యాధి ఉన్నవారిలో ఈ క్రమం తలకిందులవుతుందని నెదర్లాండ్స్‌కు చెందిన బస్టియాన్ బ్లూమ్ బృందం చూపింది: వారు మాటనూ నడకనూ రెండింటినీ కొనసాగించబోయి, మాట చక్కగా పూర్తిచేసి, అడుగు తప్పుతారు. మతిమరుపు వ్యాధి ఉన్నవారిలో కూడా ప్రమాదాన్ని అంచనా వేసుకునే శక్తి తగ్గుతుంది గనుక, అలాంటివారు కబుర్లు చెబుతూ చకచకా నడుస్తుంటే సంతోషించడం కంటే పక్కన చేయి అందేంత దూరంలో ఉండటం మేలు.

న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ వైద్య కళాశాలలో పనిచేసిన జో వర్గీస్ అనే నాడీ వైద్యుడు 2002లో ఇదే ఆలోచనను పరీక్షగా మలిచాడు; ఇంగ్లిషు అక్షరాలను ఒకటి విడిచి ఒకటి చెబుతూ నడవమని అడిగి, పట్టే సమయాన్ని కొలవడం ఆ పద్ధతి. ఆ తర్వాత 2013లో ఆయన బృందం మరో ముఖ్యమైన సంగతిని గుర్తించింది: మతిమరుపు వ్యాధి లేకపోయినా జ్ఞాపకశక్తి తగ్గిందని స్వయంగా చెప్పుకునేవారి నడక కూడా మందగించి ఉంటే, వారికి ఆ తర్వాత మతిమరుపు వ్యాధి వచ్చే అవకాశం ఎక్కువ. 17 దేశాలకు చెందిన 26,802 మందిని పరిశీలించి 2014లో ప్రచురించిన నివేదికలో ఈ స్థితి సుమారు 9.7 శాతం మందిలో కనిపించింది. ఈ బృందం పరిశోధనలో కొంత భాగం మన దేశంలోనే, కేరళలోని కోళికోడ్‌లో సాగింది. కొబ్బరి తోటలు, కాలువలు, వానలు, విదేశాలకు వెళ్లిన పిల్లలు అన్నవి కోళికోడ్‌కూ కోనసీమకూ ఉమ్మడి లక్షణాలు గనుక, అక్కడి వృద్ధులపై సాగే పనిని ఇక్కడి వైద్యులు శ్రద్ధగా అనుసరించడం అవసరం. కెనడాలో మాన్యుయెల్ మాంటెరో-ఒడాస్సో నడిపిన అధ్యయనం 2017లో ఇంకొక మెట్టు ముందుకు వెళ్లి, లెక్క చేస్తూ నడిచినప్పుడు వేగం 20 శాతానికి మించి పడిపోయేవారిలో మతిమరుపు వ్యాధి ముప్పు ఎక్కువని చూపింది. ఈ విధంగా జోడుపని నడక పడిపోయే ముప్పును తెలిపే గుర్తుగానే ఆగిపోకుండా, మెదడు ఆరోగ్యాన్ని కూడా పట్టి చూపే గుర్తు అయింది.

కోనసీమ దారుల మీద

గౌతమి, వశిష్ఠ పాయల మధ్య, వైనతేయ చీల్చిన నేల మీద, ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలువలు అల్లుకున్న ఈ ప్రాంతంలో పెద్దవారి నడక చదునైన ఆసుపత్రి వరండాలో జరిగే నడకకు పూర్తిగా భిన్నమైనది. కాలువ గట్టు మీద దారి సన్నగా ఉంటుంది, ఒక పక్క నీరు, మరో పక్క పల్లం. వెనుక నుంచి కొబ్బరికాయల లోడుతో ఆటో వస్తే పక్కకు తప్పుకోవాలి, ఎంత తప్పుకోవాలో క్షణంలో తేల్చుకోవాలి, అదే సమయంలో బండి మీద వెళ్లే తెలిసినవారు "బాగున్నారా అండీ" అని పలకరిస్తే తలతిప్పి జవాబు చెప్పాలి. తల తిప్పడంతో చూపు దారి మీద నుంచి తొలగుతుంది, లోపలి చెవికి కొత్త సర్దుబాటు అవసరమవుతుంది, పలకరించిన మనిషి ఎవరో గుర్తుచేసుకునే పనిలో జ్ఞాపకశక్తి మునుగుతుంది. మూడు భారాలు ఒకే అడుగు మీద పడతాయి. తోటల్లో రాలిన మట్టలు, ఒలిచిన డొక్కలు, పంట బోదె మీద వేసిన కొబ్బరి దుంగ వంటివి ప్రతి అడుగునూ ఒక నిర్ణయంగా మార్చేస్తాయి. వానాకాలంలో పాచి పట్టిన రేవు మెట్లు సరేసరి.

సఖినేటిపల్లి నుంచి నర్సాపురానికీ, ముక్తేశ్వరం నుంచి కోటిపల్లికీ పంటు మీద దాటేవారికి ఒడ్డుకు చేరే ఆ కొద్ది అడుగులే అత్యంత కష్టమైనవి. కాళ్ల కింద చెక్క కదులుతుంది, మోటారు సైకిళ్లు ముందుకు దూకుతాయి, చేతిలో సంచి ఉంటుంది, టికెట్టు డబ్బు చిల్లర గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ పెద్దవారికి ఇవ్వదగిన సలహా ఒక్కటే: బళ్లన్నీ దిగేవరకు నిలబడి, చిల్లర లెక్క ముందే ముగించుకుని, చేతిలో సంచిని తోడు వచ్చినవారికి ఇచ్చి, ఆ పైన మాత్రమే కదలాలి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికో, మాఘమాసంలో అంతర్వేది కల్యాణానికో వెళ్లినప్పుడు జనం, మోత, దుమ్ము కలిసి ధ్యాసను నాలుగు వైపులా లాగుతాయి. పెద్దవారిని అలాంటి చోట్లకు తీసుకువెళ్లకపోవడం పరిష్కారం కాదు, ఏడాదికొకసారి వచ్చే ఆ ఆనందం వారి హక్కు. ప్రభలు సాగే వేళకు ముందే చేరి, ఒక చోట కూర్చోబెట్టి, జనం పలచబడ్డాక బయలుదేరే ఏర్పాటు చేయడం కుటుంబం బాధ్యత.

ఇంటి లోపలి ముప్పు బయటి దానికంటే తక్కువేమీ కాదు. పాత ఇళ్లలో గది గదికీ గడప ఉంటుంది, వాకిలికీ అరుగుకూ మధ్య ఎత్తు తేడా ఉంటుంది, పెరట్లో నూతి గట్టు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఇవన్నీ యాభై ఏళ్లుగా తెలిసిన చోట్లే గనుక కాలికి అలవాటేనని పెద్దవారు అంటారు, ధ్యాస ఖాళీగా ఉన్నంతసేపూ ఆ మాట నిజమే. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని గుర్తుకొచ్చి లేచినప్పుడు, వీధిలో ఎవరో పిలిచినప్పుడు, చేతిలో నిండు గ్లాసుతో గడప దాటేటప్పుడు ఆ అలవాటు చాలదు. రాత్రివేళ మూత్రానికి లేచినప్పుడు తొందర, నిద్రమత్తు, చీకటి కలుస్తాయి. మూత్రం ఆపుకోలేని సమస్య ఉన్నవారిలో పడిపోవడం ఎక్కువని వైద్యులకు బాగా తెలిసిన విషయమే, పెద్దవారు సిగ్గుపడి దాచుకునే ఈ సమస్యకు చికిత్స ఉంది.

ఇక ఫోను. దూరదేశంలో ఉన్న కొడుకో కూతురో చేసే పిలుపు పెద్దవారికి రోజంతటిలో ప్రియమైన క్షణం, అందుకే ఆ మోత వినగానే మంచం మీద నుంచి ఒక్క ఉదుటున లేస్తారు. హఠాత్తుగా లేచినప్పుడు రక్తపోటు పడిపోయి కళ్లు తిరగవచ్చు, ఫోను ఆగిపోతుందేమోనన్న ఆత్రం అడుగును తొందరపెడుతుంది, ఎత్తిన తర్వాత సిగ్నల్ కోసం అరుగు మీదికో పెరట్లోకో నడుస్తూ మాట్లాడతారు, వీడియో కాల్ అయితే చూపు కూడా దారి మీద ఉండదు. ప్రేమతో చేసిన ఫోను పెద్దవారిని ప్రమాదంలోకి నెట్టే ఈ స్థితిని పిల్లలు కొద్దిపాటి క్రమంతో పూర్తిగా తప్పించవచ్చు.

ఇంట్లో చేయదగిన పరిశీలన

వైద్యుడి పరీక్షకు ఇది ప్రత్యామ్నాయం కాదు, కానీ వైద్యుడి దగ్గరికి వెళ్లాలో లేదో తేల్చుకోవడానికి పనికివస్తుంది. వరండాలోనో వీధి అరుగు ముందో అడ్డంకులు లేని చదునైన చోట 6 మీటర్ల దూరాన్ని సుద్దతో గుర్తుపెట్టి, పెద్దవారిని వారికి అలవాటైన వేగంతో నడవమని చెప్పి సెకన్లు లెక్కించాలి. చేయి అందేంత దగ్గరలో ఒకరు తప్పక నడవాలి. కాసేపు ఆగి అదే దూరాన్ని మరో పనితో కలిపి నడిపించాలి. చదువుకున్నవారైతే 100 నుంచి మూడేసి తగ్గిస్తూ చెప్పవచ్చు, తెలుగు నెలలను చైత్రం నుంచి ఒకటి విడిచి ఒకటి చెప్పవచ్చు. బడికి వెళ్లనివారికి లెక్కలు పెట్టడం అన్యాయం, అలాంటివారిని మామిడి పండ్ల రకాలు చెప్పమనో, చేపల పేర్లు చెప్పమనో, అమలాపురం నుంచి రాజోలు వెళ్లే బస్సు అంబాజీపేట, పి.గన్నవరం, తాటిపాక అంటూ ఏయే ఊళ్లలో ఆగుతుందో చెప్పమనో అడగవచ్చు. మామూలుగా 6 సెకన్లు పట్టిన దూరానికి జోడుపనితో 8 సెకన్లు పడితే వేగం సెకనుకు 1 మీటరు నుంచి 0.75 మీటరుకు, అంటే 25 శాతం తగ్గినట్టు. ఇంత తగ్గుదల ఉన్నా, మాట కోసం నడక ఆగిపోతున్నా, అడుగు పక్కకు పోతున్నా, ఏ పనీ కలపకుండానే 6 మీటర్లకు 7.5 సెకన్ల కంటే ఎక్కువ పడుతున్నా వైద్యుడికి చూపించాలి. 2022లో వెలువడిన ప్రపంచ స్థాయి మార్గదర్శకాలు సెకనుకు 0.8 మీటరు కంటే తక్కువ వేగాన్ని ముప్పుకు గుర్తుగా తీసుకుంటున్నాయి. గత ఏడాదిలో పడ్డారా, నిలబడినప్పుడో నడిచేటప్పుడో తూలుతున్నట్టు ఉందా, పడిపోతామన్న భయం ఉందా అనే మూడు ప్రశ్నలను ప్రతి వృద్ధుడినీ అడగమని కూడా అవి సూచిస్తున్నాయి. మూడవ ప్రశ్నను తేలికగా తీసుకోరాదు, ఎందుకంటే భయం కూడా ధ్యాసను తినే భారమే.

ఇప్పటికే ఒకసారి పడినవారి విషయంలో ఒక చిన్న పుస్తకం పెట్టుకోవడం వైద్యుడికి ఎంతో సాయపడుతుంది. ఎప్పుడు పడ్డారు, ఎక్కడ పడ్డారు అన్నవాటితో పాటు ఆ క్షణంలో ఎవరితో మాట్లాడుతున్నారు, చేతిలో ఏముంది, దేని గురించి ఆలోచిస్తున్నారు, అంతకు ఎంతసేపటి ముందు ఏ మాత్ర వేసుకున్నారు అన్న సంగతులు రాయాలి. నిద్ర మాత్రలు, ఆందోళన తగ్గించే మందులు, కొన్ని జలుబు మందులు మెదడును మందగింపజేస్తాయి, రక్తపోటు మందులు లేచినప్పుడు కళ్లు తిరిగేలా చేయవచ్చు. వీటిని సొంతంగా మానేయడం ఎంత తప్పో, ఏళ్ల తరబడి వైద్యుడికి చూపకుండా వాడుతూ పోవడం అంతే తప్పు. చూపు, వినికిడి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మసకగా కనిపించే దారిని పోల్చుకోవడానికి ఖర్చయ్యే ధ్యాస శుక్లం ఆపరేషన్‌తో తిరిగి చేతికి వస్తుంది. సరిగా వినిపించని మాటను పట్టుకోవడానికి మెదడు పడే శ్రమ కూడా నడక నుంచే తీసుకోబడుతుంది. అమెరికాలో ఫ్రాంక్ లిన్, లుయీజీ ఫెరూచీ 2012లో ప్రచురించిన విశ్లేషణలో 25 డెసిబెల్స్ మేర వినికిడి తగ్గినవారు పడిపోయే అవకాశం సుమారు మూడు రెట్లు ఉన్నట్టు తేలింది. వినికిడి యంత్రం పెట్టుకోవడానికి నామోషీ పడే పెద్దవారికి ఈ సంగతి చెప్పి ఒప్పించవచ్చు.

భారం తగ్గించడం, శక్తి పెంచడం

కుటుంబం చేయవలసిన పని రెండు దిక్కులుగా సాగాలి. నడిచే సమయంలో ధ్యాస మీద పడే భారాన్ని తగ్గించడం మొదటిది. వెనుక నుంచి పిలవకుండా ఎదురుగా వచ్చి మాట్లాడాలి. నడుస్తున్నవారిని ప్రశ్న అడగకూడదు, తప్పనిసరైతే "మామ్మగారూ, కాస్త ఆగండి" అని ఆపి, వారు గోడనో కర్రనో పట్టుకున్నాక అడగాలి. "చూసుకుని నడవండి, జాగ్రత్త, అక్కడ గడప ఉంది" అని దూరం నుంచి కేకలు వేయడం కూడా ఒక భారమే గనుక, దగ్గరికి వెళ్లి చేయి అందించడం దానికంటే ఉపయోగం. ప్రతి అడుగునూ తలవంచి చూసుకుంటూ నడవమనడం కూడా సరైన సలహా కాదు. అతిగా పాదాల మీద పెట్టిన ధ్యాస అలవాటైన లయను చెడగొడుతుంది, నాలుగడుగుల ముందున్న అడ్డంకిని కనపడనివ్వదు. గడపలకు తెల్లని రంగు వేయడం, మంచం నుంచి మరుగుదొడ్డి వరకు రాత్రంతా చిన్న దీపం వెలిగేలా చూడటం, పట్టుకోవడానికి గోడకు కమ్మీ బిగించడం, నూతి గట్టు మీద పాచిని గీకించడం వంటి పనులు ఖర్చు తక్కువైనవి. దారిలో నిర్ణయాల సంఖ్య ఎంత తగ్గితే మెదడు అంత తేలికపడుతుంది.

ధ్యాసను పంచుకునే శక్తిని పెంచడం రెండవది, దీనిని చాలామంది మరచిపోతారు. పెద్దవారిని మాటా పలుకూ లేకుండా, కదలికా లేకుండా కూర్చోబెట్టడం వల్ల ముప్పు తాత్కాలికంగా తగ్గినట్టు కనిపించినా, ఉన్న శక్తి కూడా కరిగిపోతుంది. 108 అధ్యయనాలను కలిపి 2019లో వెలువడిన కాక్రేన్ సమీక్ష ప్రకారం తగిన వ్యాయామం పడిపోయే సంఖ్యను 23 శాతం మేర తగ్గిస్తుంది; కాళ్ల బలానికీ, సమతౌల్యానికీ సంబంధించిన సాధన అందులో ప్రధానం. దానికి ఆలోచనను జోడిస్తే ఫలితం పెరుగుతుందని రెండు ప్రయోగాలు ప్రత్యేకంగా చూపాయి. అనట్ మిరెల్మన్ బృందం 302 మంది వృద్ధులతో ఐదు దేశాలలో నడిపి 2016లో ప్రచురించిన ప్రయోగంలో, కదిలే పట్టీ మీద నడుస్తూ ఎదుటి తెరపై కనిపించే అడ్డంకులను దాటిన వర్గం, ఉత్తి పట్టీ మీద నడిచిన వర్గం కంటే ఆ తర్వాతి 6 నెలలలో తక్కువసార్లు పడింది. జెనీవాలో ఆంద్రియా త్రొంబెత్తి బృందం 134 మందికి వారానికి ఒక గంట చొప్పున 6 నెలలు పియానో సంగీతానికి అనుగుణంగా నడిచే, మలుపు తిరిగే, చేతులతో వేరే పని చేసే సాధన ఇచ్చి 2011లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఆ సాధన చేసినవారిలో పడిపోవడం సగానికి పైగా తగ్గింది.

జెనీవా సాధనలోని అంశాలు కోనసీమకు కొత్తవి కావు. గుళ్ల ముంగిట మహిళా బృందాలు ఆడే కోలాటంలో పాట వినాలి, అడుగు లయ తప్పకూడదు, ఎదుటివారి కర్రకు తన కర్ర తగిలించాలి, వరస ఎప్పుడు మారుతుందో గుర్తుంచుకోవాలి. ధ్యాసను నాలుగు పాయలుగా పంచుకుంటూ నిలకడగా కదలడమే ఈ ఆట సారం. తాళం వేస్తూ అడుగు వేసే భజన కూడా ఇదే కోవకు చెందినది. అరవై దాటినవారి కోసం నెమ్మదైన లయతో, కుర్చీల వరస ఆసరాగా, మోకాళ్లను వంచని అడుగులతో వారానికి రెండు సాయంత్రాలు ఇలాంటి సాధన నడపడం ఏ ఊరి కోలాట బృందానికైనా సాధ్యమే. ఫిజియోథెరపిస్టు ఒకరు మొదట వచ్చి ఎవరు చేరవచ్చో, ఎవరు చేరరాదో చూసిపెడితే అది మరింత క్షేమం. ఇంట్లో చేసేవారు కూర్చుని రాగం తీస్తూ కాళ్లు కదపడంతో మొదలుపెట్టి, బల్ల పట్టుకుని నిలబడి కదపడానికి, ఆ తర్వాత తోడు ఉండగా నడుస్తూ మనవడికి ఊళ్ల పేర్లు చెప్పడానికి క్రమంగా రావాలి. కళ్లు తిరగడం, గుండె దడ, ఇటీవలి ఎముక విరుపు ఉన్నవారు వైద్యుడి అనుమతి లేకుండా ఈ సాధన చేయకూడదు.

సాయం కోసం దూరం పోనక్కరలేదు. 2010-11లో మొదలైన వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం కింద ప్రాథమిక, సామాజిక ఆరోగ్య కేంద్రాలలో పెద్దవారికి ప్రత్యేక పరీక్షలు జరపాలన్నది నియమం. అమలాపురం ఏరియా ఆసుపత్రిలోనూ, రాజోలు, కొత్తపేట ప్రభుత్వ ఆసుపత్రులలోనూ ఈ సేవ గురించి అడగడం ప్రతి కుటుంబం హక్కు. నొప్పి ఎక్కడ అని మాత్రమే చెప్పి తిరిగి రాకుండా, పడిన క్షణంలో మనసు దేనిమీద ఉందో కూడా వైద్యుడికి చెప్పాలి, పుస్తకంలో రాసుకున్నది చూపాలి. ఒంటరిగా ఉండే వృద్ధులు సలహా కోసం, సాయం కోసం 14567 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

దూరాన ఉన్న పిల్లలు ఇకమీదట ఫోనుకు ఒక వేళ నిర్ణయించుకుని, ఆ వేళకు అమ్మానాన్నలు ఒక చోట కూర్చుని ఉండేలా అలవాటు చేయాలి, ఒక్కసారి ఎత్తకపోతే మళ్లీ చేస్తామన్న మాట ముందే ఇవ్వాలి, క్షేమసమాచారం కంటే ముందు "కూర్చున్నారా?" అని అడగాలి, కూర్చున్నామన్న జవాబు వచ్చేవరకు మరో మాట మొదలుపెట్టవద్దు.